టైలర్ మామ దవడ నొప్పి

అన్నా, బాగున్నావా? ముందు నన్ను క్షమించు. మన వాళ్ళ కోసం నువ్వు సైక్లోస్టైల్ తీసే పత్రికకు టైలర్ మామ గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని అడిగి నెల దాటింది. కొట్లో తీరిక లేక కాదు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ మంచి మాటల కంటే ముందు కోపం వస్తోంది. ఇక ఆ కోపంతోనే రాసేస్తున్నాను. వేస్తావో, చించేస్తావో నీ ఇష్టం.

మామ పోయిన రోజు, మధ్యాహ్నం మూసిన కొట్టు మళ్ళీ తెరుస్తున్నాను. మామ పనిచేసే షాపులోని పాకిస్తానీ కటింగ్ మాస్టర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఉస్తాద్ ఖలాస్, భాయ్" అని నా కౌంటర్ మీద తల ఆనించి ఏడ్చాడు. మిషన్ ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. గుండె ఆగిందన్నారు. దానికీ దవడ నొప్పికీ సంబంధం లేదు, ఆ మాట నాకూ తెలుసు. కానీ మర్నాడు ఖననం కోసం ఇచ్చిన కాగితంలో 'పని' అన్న చోట ఏం రాశారో చూశాక నాకు ఒళ్ళు మండింది. వ్యవసాయ కూలీ అట! ఫహాహీల్‌లో సగం మందికి బట్టలు కుట్టిన మనిషి, వఫ్రా తోటల్లో ఒక్క టమాటా కూడా కోసి ఎరుగడు.

మామ డెబ్బైల చివర్లో రాయచోటి నుంచి తోటపని వీసా మీద ఈ అరబ్బు దేశానికి వచ్చాడు. వీసా ఇచ్చిన కఫీల్‌కు వఫ్రాలో తోట ఉంది గానీ పని లేదు. బయట ఏదన్నా చూసుకో పొమ్మన్నాడు. మామకు వచ్చిన పని కుట్టు, కుట్టులో చేరాడు. ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఆ ఇఖామాలో మాత్రం తోట కూలీగానే ఉండిపోయాడు. మనలో ఎంతమంది బతుకు ఇలా లేదు చెప్పు? అందుకే గదిలోకి కొత్త మనిషి దిగితే పెట్టె తాడు విప్పకముందే ఒక పాఠం నేర్పుతాం. "ఎవరడిగినా ఇఖామాలో ఉండే పనే చెప్పల్ల. పోలీసైనా సరే, బస్సులో పక్కన కూర్చున్నోడైనా సరే." మామకు ఆ పాఠం నేర్పింది నేనే.

ఆయన పనిచేసేటప్పుడు చూసిన వాళ్ళకు గుర్తుంటుంది. పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య ఏడెనిమిది గుండుసూదులు బిగబట్టి, వాటి సందులోంచే మాట్లాడేవాడు. కొత్తవాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, మాకు అలవాటైపోయింది. కత్తెర చేతికి దొరికినా దారం పంటితోనే కొరికేవాడు. ఎవరైనా నడుము ఇంత అని చెబితే ఒప్పుకునేవాడు కాదు. "నువ్వు చెప్పేది నీ పెండ్లి నాటి కొలత గదప్పా, నిలబడు" అనేవాడు. నేను ఎవరితోనైనా గొడవ పడి వస్తే, "గుడ్డ మీద కోపం చూపిస్తే ముడుచుకుంటాది అల్లుడా, మనుషులూ అంతే" అనేవాడు. ఆ మాట ఇప్పుడు నాకు పనికి రావడం లేదు.

వచ్చిన రెండేళ్ళకు నొప్పి మొదలైంది. కుడి చెవి ముందు, దవడ కీలు దగ్గర. పొద్దున లేస్తే నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకునేది కాదు. ఖుబూస్ రొట్టె టీలో నానబెట్టి మింగేవాడు. లవంగ నూనె అయింది, ఉప్పు కాపడం అయింది. ఆఖరికి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నాకు కొంచెం ఇంగ్లీషు, వ్యాపారానికి సరిపడా అరబ్బీ వచ్చు కదా, తర్జుమా నాదే.

"ఏం పని చేస్తాడు?" అని అడిగాడు పళ్ళ డాక్టరు.

"వఫ్రాలో తోటపని" అన్నాను. తడుముకోను కూడా లేదు.

డాక్టరు ఇంకేం అడగలేదు. తోట కూలీ అంటే పళ్ళు సరిగ్గా తోముకోడనుకున్నాడేమో, కుడివైపు దంతం ఒకటి పీకి పంపాడు. మామ ఆ పన్ను కడిగి ఇంటికి తెచ్చి, కిటికీ దగ్గర నిలబడి అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"సూడు అల్లుడా, పుచ్చు యాడన్నా ఉండాదా?"

లేదు. ముత్యంలా ఉంది. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆర్నెల్లకు ఇంకో డాక్టరు, ఇంకో పన్ను. తర్వాత మరొకటి. ప్రతిచోటా అదే ప్రశ్న, నాది అదే జవాబు. అయిదేళ్ళలో కుడివైపు దవడ పళ్ళన్నీ ఊడగొట్టారు. ఒక్కరూ ఆ కీలు మీద వేలు పెట్టి చూడలేదు. ఎందుకు చూడలేదని ఇప్పటికీ వాళ్ళ మీద నాకు కోపమే. కానీ అన్నా, ఆ కోపం వాళ్ళ దగ్గరే ఆగితే ఈ ఉత్తరం ఎప్పుడో రాసేసేవాణ్ణి. గుండుసూదుల డబ్బాలు ఆయనకు అమ్మింది నా కొట్టే. నా కళ్ళెదుట డబ్బా మూత తీసి, గుప్పెడు నోట్లో వేసుకునేవాడు. రోజూ చూశాను. ఒక్కరోజూ నాకు తట్టలేదు.

ఆఖరికి ఒక డాక్టరు విసుగొచ్చి, దవడల స్పెషలిస్టుకు చీటీ రాసిచ్చాడు. ఆ పిలుపు రావడానికి నెలలు పట్టింది. ఆరోజు సముద్రం పక్క రోడ్డు మీద బస్సులో పోతూ మామ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునే ఉన్నాడు. ఏసీ గాలి తగిలినా నొప్పే.

స్పెషలిస్టు తల నెరిసిన మనిషి. ముందు ఎక్స్-రే చూడలేదు. మామ చెవుల ముందు రెండు వేళ్ళు ఆనించి, నోరు తెరవమన్నాడు, మూయమన్నాడు. కటుక్కుమన్న చప్పుడు నాకూ వినిపించింది. తర్వాత టార్చి వేసి ముందు పళ్ళు చూసి నన్నడిగాడు, "ఏం పని?"

"తోటపని, డాక్టర్."

ఆయన చిన్న అద్దం మామ నోటి ముందు పెట్టి నన్ను దగ్గరికి పిలిచాడు. పై పంటి అంచున సన్నటి గాడి ఉంది, ఆకురాయితో గీసినట్టు. "టమాటాలు కోస్తే ఈ గాడి పడుతుందా?" అన్నాడు.

ఇఖామా పోతుందనిపించింది, విమానం ఎక్కించి పంపేస్తారనిపించింది. మామ నా వైపు చూశాడు. నేను చూపు అద్దం మీదికి తిప్పుకున్నాను. అప్పుడాయనే, ఆ తెరుచుకోని నోటితోనే, "ఖయ్యాత్" అన్నాడు. దర్జీ అని. చేతి వేళ్ళు పెదాల దగ్గర పెట్టి, సూదులు ఎలా పట్టుకుంటాడో, దారం ఎలా కొరుకుతాడో చూపించాడు.

"మరి తోట అని ఎందుకు చెప్పావు?" అని డాక్టరు నా మీద గయ్యిమన్నాడు.

"కాగితంలో అలా ఉందండీ."

"నేను కాగితం అడిగానా? ఆ నోటితో ఏం చేస్తాడని అడిగాను. ఈ పళ్ళలో ఒక్కటీ పీకాల్సింది కాదు."

అంతే అన్నాడు. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు, ఇఖామా చూపించమనీ అనలేదు. నోట్లో సూదులు పెట్టొద్దన్నాడు, దారం కొరకొద్దన్నాడు, పడుకునేటప్పుడు పళ్ళ మధ్య పెట్టుకోవడానికి ప్లాస్టిక్ అచ్చు చేయించి ఇచ్చాడు. మూడు నెలల్లో నొప్పి సగం తగ్గింది. మిగతా సగం తగ్గలేదు. ఒక పక్క పళ్ళు లేకపోతే నమిలే బరువంతా రెండో పక్కే పడుతుందట, కీలు ఇక సరిగ్గా కుదురుకోదట. ఆ సగం మామ పోయేదాకా ఆయనతోనే ఉంది. ఆ సగం నాది.

తిరుగు బస్సులో నన్ను తిడతాడని చూశాను. తిట్టలేదు. "నువ్వు నా కోసరమే చెప్తివి గదప్పా. తోట లేదంటే నన్ను ఊరికి పంపుతారని నువ్వు బయపడితివి" అన్నాడు. ఆ ఒక్క విషయంలో మామ మీద కూడా నాకు కోపమే. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

కాబట్టి అన్నా, మంచివాడు, పనిమంతుడు అని రాసి ముగించలేను. అవన్నీ నిజమే. పత్రిక చదివే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. పోలీసుకు ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం, డాక్టరుకు మాత్రం మీ చేతులు చేసే పనే చెప్పండి.

చెప్పడం తేలిక కాదు, అదీ చూస్తున్నాను. మా గదిలో కోనసీమ ఆయన ఒకరున్నారు, నా కంటే పెద్దవారు. అర్దియాలో గ్యారేజీలో కార్లకు రంగు కొడతారు. ఇఖామాలో ఇంటి వంటవాడు. ఏడాదిగా దగ్గు, ఇప్పుడు కఫంలో రంగు కూడా పడుతోంది. మంగళవారం ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నిన్న ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, నేనే డాక్టరునై అడిగాను.

"ఏం పని చేస్తారు?"

"ఆయ్, వంటండి."

"కాదు సార్, నిజం చెప్పండి."

"నిజవే చెబుతున్నానండి బాబూ... గ్యారేజీలో..." అని ఆగి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "గ్యారేజీలో వంట చేస్తానండి" అన్నారు.

గదంతా నవ్వింది. ఆయనా నవ్వారు, నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడ్డారు. ఆయాసంతో వంగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు.

మళ్ళీ నేనే తర్జుమా చేయాలంటే నాకు భయంగా ఉంది. నీకు ఆఫీసు అరబ్బీ వచ్చు, కాగితాల మనుషులతో మాట్లాడే ధైర్యమూ ఉంది. మంగళవారం లోపు నువ్వు ఒకసారి ఫహాహీల్ రావాలి. చెప్పు, ఎప్పుడు కలుద్దాం?