నీ ఎత్తు, అబ్బాయా

మొన్న నెల్లూరులో ఒక ఇరుకు సందులో నా స్కూటరూ, ఎదురుగా వచ్చిన ఒక ఆటో ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడిపోయాయి. ఆయన కదలాలని నేను, నేను కదలాలని ఆయన. వెనక పోగైన బండ్ల వరస బంగాళాఖాతం దాకా సాగే ఉంటుంది. చివరికి ఆటో ఆయన చేతులు కట్టుకుని, "నీ ఎత్తు సార్, కానీయ్" అన్నాడు. కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. పులులూ మేకలూ పావులుగా ఆడే పులిజూదంలో పావు జరపడాన్ని మా వైపు ఎత్తు అంటారు. ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో ఒక పెళ్లి జరిగింది.

తొంభైల మొదట్లో ఆత్మకూరు బస్టాండు వెనక మా మామకు వీడియో గేముల కొట్టు ఉండేది. మామ అంటే అమ్మకు ఆఖరి తమ్ముడు, నాకంటే కొద్దిగా పెద్ద. నేను ఆ ఊళ్లో డిగ్రీ చదువుతున్నానని మా నాయన అనుకునేవాడు. కొట్టు పైకప్పు రేకులది. ఎండాకాలం లోపల కాసేపు నిలబడితే మనిషి అప్పడంలా పొంగేవాడు. ఒక కలర్ టీవీ, మద్రాసు నుంచి తెచ్చిన నల్లటి గేము పెట్టె, దానికి రెండు రిమోట్లు. గిరాకీ అంతా ఒక్క క్యాసెట్టుకే. అది రాబోయే యుగాల యుద్ధం. టీవీ తెర రెండు సగాలై, ఒక్కో సగం ఒక్కో ఆటగాడిది. ఒక్కొక్కరికీ ఒక ఇనప పక్షి. గాల్లో ఉంటే విమానం, నేల మీద దిగితే పదంతస్తుల మనిషి. దాని గోళ్లతో ట్యాంకులను ఎత్తుకెళ్లి కావలసిన చోట దించి, నువ్వు కాపలా కాయి, నువ్వు పోయి కొట్టు అని పని పురమాయించాలి. దారిలో చిన్న స్థావరాలు పట్టుకుంటూ ఎదుటివాడి కోట కూల్చాలి. స్థావరాలకు మేము కొండాపురం, సోమశిల అని పేర్లు పెట్టుకున్నాం. కోట మాత్రం ఎవరిదైనా ఉదయగిరే. ఈ ఆటలో వంతుల్లేవు. నువ్వు తుమ్మేలోపు ఎదుటివాడు సోమశిల పట్టేస్తాడు. పైగా పక్షికి పెట్రోలు అయిపోతే గాల్లోనే పేలిపోతుంది. పెన్నకు ఇటూ అటూ మా మామను ఓడించినవాడు పుట్టలేదు.

అంతటి వీరుడికి పిల్లనిచ్చేవాళ్లు లేరు. "టీవీలో బొమ్మలాడిస్తాడంట" అని వచ్చిన సంబంధాలు వచ్చినట్టే పోయేవి. ఇంతలో చర్చి సభల్లో ఉదయగిరి పిల్ల ఒకామె పరిచయమై ఇద్దరికీ మనసు కలిసింది. కానీ "మా నాయన కాదంటే కాదే" అని ఆమె ముందే చెప్పేసింది. ఆ నాయన కొయ్య గరిటెలు చెక్కే మనిషి, చర్చి సంఘంలో పెద్ద. కొండ కింద బండల మీద గీసిన పులిజూదం గళ్లలో ఆయన్ని గెలిచినవాడు లేడు. నిజం మేకలు కూడా ఆయన్ని చూస్తే దారి తప్పుకునేవట. ఆయన ఒక శనివారం పొద్దున చెప్పాపెట్టకుండా బస్సు దిగి కొట్లోకి వచ్చాడు.

"ఏం యాపారం అబ్బాయా ఇది?"

"ఆట, పెద్దాయనా" అన్నాడు మామ.

"ఏం ఆట?"

మామ తువ్వాలుతో బెంచీ తుడిచాడు. "పులిజూదం మాదిరే" అన్నాడు.

పెద్దాయన మొహం వెలిగింది. "అట్లయితే ఒక ఆట ఏద్దాం" అని బెంచీ మీద కూర్చున్నాడు. రిమోటు ఎట్లా నొక్కాలో నేనే చూపించాను. ఆయన ఒక ట్యాంకును ఎత్తుకెళ్లి దించాడు. ఆ వెంటనే రిమోటు ఒళ్లో పెట్టుకుని, సంచిలోంచి సగం చెక్కిన గరిటె తీసి గీకుతూ, "నీ ఎత్తు, అబ్బాయా" అన్నాడు.

తెర మీద ట్యాంకు నడుస్తూనే ఉంది. "నేను చెయ్యి తీసినా పోతానే ఉండాదే అది?"

"పని చెప్పినారు గదా, చేస్తా ఉండాది" అన్నాను.

"మా ఇంట్లో ఎవురూ అట్లా చెయ్యరు."

మామ ఒక్క ట్యాంకు దించాడు. దించి, రిమోటు బెంచీ మీద పెట్టేశాడు. వెనక కుర్రాళ్లు గుమిగూడారు. ఎదుటి కోటకు కాపలా లేదు. నేను మామ చెవిలో దూరాను. "మామా, ఉదయగిరి ఖాళీగా ఉండాది. పోయి కొట్టు."

"ఆయన వంతురా."

"ఈ ఆటలో వంతేంది?"

"ఆయన ఆడతా ఉంటే ఉంటాది. నోరు ముయ్."

పెద్దాయన ఆలోచించాడు. ఒక్కో ఎత్తుకు గరిటె కాడ ఒక్కో వైపు నునుపు తేలింది. చెక్క పొట్టు మా మోకాళ్ల దాకా వచ్చింది. "ఏందన్నా, నిద్ర పోయినావా?" అని కుర్రాళ్లు ఎకసెక్కాలాడినా, ఓటమెరుగని మా మామ చేతులు ఒళ్లో పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు. అక్కడ గాల్లో రెండు పక్షులూ యజమానుల కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, పెట్రోలు అయిపోయి ఒకదాని వెనక ఒకటి పేలిపోయాయి. మర్యాద వల్ల రెండు సైన్యాలూ నష్టపోయిన యుద్ధం లోకచరిత్రలో అదొక్కటే అయి ఉంటుంది.

"ఇద్దరివీ పోయినాయే" అన్నాడు పెద్దాయన. గరిటె మీది పొట్టు ఊది, మామ వైపు తిరిగాడు. "నా కోట కాడ ఎవురూ లేరని ఈ పిలగాడు నీ చెవిలో చెప్పింది ఊరంతా వినింది. అయినా నువ్వు వంతు దాటలా. మా పిల్ల మాట మొదలు పెడితే ఒక పట్టాన ఆపదు అబ్బాయా. అయిపోయేదాకా ఆగేవాడు కావాల." ఆ గరిటె మామ చేతిలో పెట్టి, ఉదయగిరి బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ గరిటెతోనే మా అత్త ఇప్పటికీ పప్పు ఎనుపుతుంది. ఎనుపుతూ మాట్లాడుతుంది. మామ ఇంకా తన ఎత్తు కోసం చూస్తూనే ఉన్నాడు, సంతోషంగా.

సందులో చివరికి నేనే స్కూటరు వెనక్కి తీశాను. కాలం ఎవరి వంతు కోసమూ ఆగదంటారు గానీ, ఆ శనివారం పొద్దున అది మా మామ పక్కనే బెంచీ మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నేను చూశాను.