మాచర్లలో మాత్రమే బతికిన గుర్రం

నరసరావుపేట జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది వేసవి. మా పత్రిక జిల్లా పేజీకి అప్పట్లో నేను ఫీచర్లు రాసేవాణ్ణి. ఆ రోజు వార్త కాకపోయినా పాఠకుడు ఆగి చదివే కథనాన్ని మా వృత్తిలో ఫీచర్ అంటాం. ఎండలు ముదిరితే సభలూ సమావేశాలూ తగ్గిపోతాయి. వార్తలు దిద్ది పేజీలో పెట్టే డెస్క్ వాళ్లు అప్పుడు మాలాంటివాళ్ల వైపు చూస్తారు.

ఆ వారం నాకు దొరికిన విషయం 'పొగమేడ'. మొదట పిల్లల మాసపత్రికలో ధారావాహికగా వచ్చింది. తర్వాత టీవీలో ఆదివారం సాయంత్రాల సీరియల్ అయింది. పొగతో కట్టిన మేడలో మసిరాజు అనే మాంత్రికుడు ఉంటాడు. అతని ముఖానికి ఎప్పుడూ ముసుగే. చుక్క అనే పిల్ల రెక్కల గుర్రమెక్కి అతని మీదికి వెళుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ సీరియల్‌ను ఓటీటీలో మళ్లీ పెట్టారు. అప్పటి పిల్లలు ఇప్పుడు బొజ్జలు పెంచుకున్న పెద్దమనుషులు. అందరూ కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకుని ఒక ఆదివారం కొండవీడు కొండెక్కారు. ఒకాయన తన భార్య పాత చీరతో మసిరాజు ముసుగు కుట్టించుకుని వచ్చాడు. ధారావాహిక చదివినవాళ్లు ఒక పక్క, సీరియల్ చూసినవాళ్లు ఒక పక్క చేరి, పులిహోర పొట్లాలు విప్పడం కూడా మరిచిపోయి వాదించుకున్నారు. "మీ సీరియల్లో గుర్రానికి నోట్లో మాటే లేదు, అదేం గుర్రం?" అని వీళ్లు. "మీ పుస్తకంలో ఆ పాట ఉందా?" అని వాళ్లు. నేను సంతోషంగా రాశాను. డెస్క్ సంతోషంగా వేసింది.

పేపరు వచ్చిన మర్నాడు మాచర్ల బస్సు దిగి నాగలక్ష్మి అనే ఆమె మా ఆఫీసుకు వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. భర్తతో కలిసి అక్కడ బట్టల కొట్టు నడుపుతోంది. నేను రాసిన కథనం మడిచి చేతిలో పట్టుకుంది.

"మీరు రాసింది సగమే అన్నయ్యగారూ. చివరి ఎపిసోడ్ కోసేశారు వాళ్లు. అది రాయండి."

"ఎవరు కోశారమ్మా?"

"ఆ ఓటీటీ వాళ్లే. ఇంకెవురు?"

ఓటీటీలో ముగింపు ఇదీ: చుక్క మసిరాజును అద్దంలో బంధిస్తుంది. అందుకు బదులుగా గుర్రం రాయైపోతుంది. మాసపత్రికలోనూ ఇంతే అని కొండవీడులో కలిసినవాళ్లు చెప్పారు. నాగలక్ష్మి చెప్పింది వేరు. చుక్క మసిరాజు పొయ్యిలో గంపెడు ఎండుమిరపకాయలు గుమ్మరిస్తుంది. ఆ ఘాటుకు మసిరాజు తుమ్ముతాడు. తుమ్ముకో మంత్రం మరిచిపోతాడు. ఆఖరి తుమ్ముకు ముసుగు ఊడిపోతుంది, మేడ చెదిరిపోతుంది, గుర్రం కృష్ణ దాటి ఎగిరిపోతుంది.

"మా పాప హర్షితకి తొమ్మిదేళ్లు. ఈ కథ చెప్తానే అన్నం పెట్టా దానికి ఇన్నాళ్లూ. మొన్న ఇద్దరం కూర్చుని చూశాం. మిరపకాయలు ఎప్పుడొస్తయ్యమ్మా, ఎప్పుడొస్తయ్యమ్మా అని ఒకటే అడగటం. గుర్రం రాయైపోయింది, సీరియల్ అయిపోయింది. 'నువ్వు అబద్ధాలు చెప్తావమ్మా' అంది. ఆనాటి నుంచి కథ మొదలుపెడితే చాలు, అటు తిరిగి పడుకుంటంది. ఆ వాట్సాప్ గ్రూపులో పెడితే ఏమన్నారో తెలుసా? మాచర్లోళ్లకి మిరపకాయ బజ్జీల ఎపిసోడ్ వేసుంటారులే అంట!"

నాకు నవ్వొచ్చింది. ఆమె కళ్లు చూసి ఆపుకున్నాను.

ఒక సంస్థ ఎపిసోడ్ కోసేసిందని రాయడానికి ఒకరి జ్ఞాపకం చాలదు. ఆధారం లేకుండా రాస్తే రిజాయిండర్ వస్తుంది. అంటే అవతలివాళ్లు పంపే ఖండన. దాన్ని మళ్లీ మేమే అచ్చువేయాలి. అందుకే రాస్తానని మాటివ్వలేదు, కనుక్కుంటానన్నాను.

"కనుక్కోండి చాలు. గ్రూపోళ్లు ఏమన్నా అనుకోనీండి. నేను అబద్ధం చెప్పలేదని నా బిడ్డకి తెలియాల."

రెండు రోజుల తర్వాత మాచర్ల వెళ్లాను. నాగలక్ష్మితో చదువుకున్న ముగ్గురిని విడివిడిగా కలిశాను. మా పనిలో లీడింగ్ క్వశ్చన్ అనేదాన్ని దగ్గరికి రానివ్వకూడదు. జవాబును తనలోనే దాచుకున్న ప్రశ్న అది. కాబట్టి మిరపకాయల ఊసెత్తలేదు. 'పొగమేడ చివర్లో ఏమైంది?' అని మాత్రం అడిగాను.

టైర్ల షాపు బాషా పంక్చరు వేస్తూనే తుమ్మి చూపించాడు. "ఆడు తుమ్ముతుంటే మేం కింద పడి నవ్వినాం సార్." టీచరుగా పనిచేసే ఇంకొకామె గుర్రం కృష్ణ దాటడం కళ్లకు కట్టినట్టు చెప్పింది. మూడో మనిషీ అంతే. నలుగురి కథా ఒక్కటే. అబద్ధం అనుకునే వీల్లేదు.

అప్పుడు ఇంకొక ప్రశ్న వేశాను. "ముసుగు ఊడాక మసిరాజు ముఖం ఎలా ఉంది?"

నాగలక్ష్మి బట్టతల అంది. బాషా ఇంత గడ్డం అని చేత్తో చూపించాడు. టీచరు, పళ్లు ఊడిపోయిన ముసలివాడంది. మూడో మనిషి కాస్త సిగ్గుపడుతూ, "మా లెక్కల మాస్టారు లాగే ఉన్నాడండీ" అన్నాడు.

ప్రమాదాల వార్తలు రాసిన అనుభవంతో ఒకటి నాకు తెలుసు. ఒక ముఖాన్ని ఎదురుగా చూసినవాళ్లు కొద్దో గొప్పో ఒకే ముఖం చెబుతారు. ఇక్కడ కథ అక్షరం పొల్లుపోలేదు, ముఖం మాత్రం నలుగురికీ నాలుగు రకాలుగా ఉంది. వీళ్లు చూడలేదు, విన్నారు. గురజాలలోనూ రాజుపాలెంలోనూ అదే వయసువాళ్లకు ఫోన్లు చేశాను. మిరపకాయల సంగతి ఒక్కరికీ తెలియదు. అంటే ఆ ముగింపు మాచర్ల దాటలేదు. టీవీలో వచ్చీ ఊరు దాటనిది అంటే లోకల్ కేబుల్ ఛానలే.

అప్పటి కేబుల్ ఆపరేటర్ కోటేశ్వరరావు ఇప్పుడు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్నాడు. నేను సంగతి ఎత్తగానే కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నవ్వాడు.

"ఇన్నేళ్లకి దొరికిపోయామే సామ్రాజ్యం!" అని లోపలున్న భార్యకు కేకేశాడు.

ఆ ఆదివారం సాయంత్రం గాలిదుమారం వచ్చి డిష్ తిరిగిపోయిందట. సిగ్నల్ లేదు. చివరి ఎపిసోడ్ వేళకు పిల్లలంతా ఆయన ఇంటి ముందు చేరారు.

"రాళ్లు కూడా ఏరుకున్నారయ్యా ఎదవలు. ఏం జెయ్యాల? పెళ్లి వీడియోలేసే మా లోకల్ ఛానల్ ఉందిగా, దాంట్లో ఈమెని కూర్చోబెట్టి కథ చెప్పిద్దామనుకున్నా. తీరా చూస్తే కెమెరా వైరు ఎలకలు కొరికేసినయ్. బొమ్మ రాదు. మైకు ఒకటే పనిచేస్తంది. పిల్లల్ని ఇళ్లకి తోలేసి, పూలకుండీ బొమ్మ ఒకటి పెట్టేసి కానీయ్ అన్నా. పిల్లలేమో బొమ్మ పోయింది, మాట వస్తందిలే అనుకున్నారు. చెబితే తంతారని ఇన్నాళ్లూ నోరెత్తలా."

సామ్రాజ్యం గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. "నాకు చివర తెలిస్తేగా? ఆదివారాలు వంట చేస్తా వాకిట్లోంచి చూసిందే. ఇంట్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నయ్, నాకు ఒకటే తుమ్ములు. అదే చెప్పేశా."

మర్నాడు నాగలక్ష్మినీ హర్షితనూ ఆ ఇంటికి రమ్మన్నాను. సంగతి విని నాగలక్ష్మి ఒప్పుకోలేదు. "నేను చూశా పిన్నీ. గుర్రం రెక్కలు కూడా చూశా" అంది.

"చూసే ఉంటావులేవే. నేను అంత బాగా చెప్పాగా!"

హర్షిత పెద్దామెను ఎగాదిగా చూసింది. "అయితే ఈ కథ నిజం కాదా?"

"ఏందే నిజం కాకపోయేది? వాళ్లు ఆడ కూర్చుని ఒకటి అల్లారు, నేను ఈడ కూర్చుని ఒకటి అల్లా. ఆ గుర్రాన్ని రాయి చేసి పోయారంటగా, పసిపిల్లలకి చూపించేదేనా అది? మీ అమ్మ విన్నది విన్నట్టు చెప్పింది. ఒక్క ముక్క కలపలా."

పిల్ల ఆమె దగ్గరికి జరిగింది. "కృష్ణ దాటాక గుర్రం ఎక్కడికి పోయింది?"

"నాకేం తెలుసు? అరగంటే ఇచ్చాడు మీ తాత. కథ ఆడికి అయిపోయింది."

హర్షిత తల్లి వైపు తిరిగి కొంగు పట్టుకుంది. "అయితే నువ్వు చెప్పమ్మా."

నాగలక్ష్మి నా వైపు చూసింది, సామ్రాజ్యం గారి వైపు చూసింది. "అవతలొడ్డున ఒక ఊరుంది..." అని మొదలుపెట్టింది. నేను, కోటేశ్వరరావు మెల్లగా బయటికొచ్చేశాం.

కోసేసిన ఎపిసోడ్ గురించి రాయాల్సిన పని లేకపోయింది. సామ్రాజ్యం గారి గురించి రాశాను. గ్రూపులో బజ్జీల జోకు వేసిన పెద్దమనిషే ముందుగా నాగలక్ష్మికి క్షమాపణ చెప్పి, ఆ ముగింపు మొత్తం ఆమె గొంతుతోనే రికార్డు చేసి గ్రూపులో పెట్టమని అడిగాడట. కథనం వచ్చిన వారమంతా మాచర్ల నుంచి నాకు ఫోన్లు. మసిరాజు ముఖం ఎలా ఉంటుందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. ఎవరినీ దిద్దలేదు.

ఈ వృత్తిలో సాక్ష్యాన్ని రెండు గంపల్లో వేయడం త్వరగా అలవాటవుతుంది, నిజం ఒక దాంట్లో, అబద్ధం ఇంకో దాంట్లో. ఊరంతా జరగనిది జరిగిందని చెప్పినప్పుడు ఇప్పుడు నేను గంపలు పక్కన పెట్టి, వీళ్లందరికీ ఇది చెప్పింది ఎవరు అని అడుగుతాను. చాలాసార్లు ఆ మనిషి ఆ ఊళ్లోనే ఉంటారు. వెళ్లి తలుపు కొడితే చాలు.