గుహలోకి ముందుగా మంగాయమ్మగారు

"లోపల పాముంటే ఎలాగండీ?" అన్నాను, మా నాలుగేళ్ల పాప తేజశ్రీని చంకకెత్తుకుంటూ. మా అత్తగారు మంగాయమ్మకి కైకలూరులో చేపల చెరువు గట్ల మీద తిరిగి తిరిగి, చేతికర్రతో నేలను కొడుతూ నడవడం అలవాటు. గుంటుపల్లి బౌద్ధగుహల కొండమెట్లూ మోకాళ్లు నొక్కుకుంటూ అలాగే ఎక్కారు. గుహలో చీకటి చూసి పాప ఏడుపందుకుంది. "వెళ్లిపోదామండీ" అన్నాను. "గుమ్మం చూడ్డానికా ఇంతదూరం వచ్చింది?" అంటూ ఆవిడ కుచ్చిళ్లు ఎగదోపి, రాతిమీద కర్ర టకటకలాడించి, ఒక్కరే లోపలికెళ్లి స్తూపం చుట్టూ తిరిగొచ్చారు. ముఖమంతా పట్టిన చెమటని కొంగుతో తుడుచుకున్నారు. "భయమేసిందా నానమ్మా?" అని పాప అడిగింది. "వెయ్యకేమే! రా, ఈసారి నాకు తోడుగా." పాప చంక దిగి వెళ్లింది.

టీకాల దగ్గరా, బడి గేటు దగ్గరా ఇప్పుడు నేను పాటించేది, కొండ దిగుతూ ఆవిడ నాతో చెప్పిందే: "భయం లేదని పిల్లకి అబద్ధం చెప్పకమ్మా. నాకూ ఉందని చెప్పి, చెయ్యి పట్టుకుని ముందు నువ్వు నడువు."