క్లచ్ డబ్బాలో పోసిన నూనె

మొన్న సూర్యాపేటలో దగ్గరి బంధువుల పెళ్లికి వెళ్తే, ఫంక్షన్ హాలు ముందు పూలదండలు వేసి నిలబెట్టిన ఆకుపచ్చ రంగు పాత విదేశీ కారు కనబడింది. పెళ్లికొడుకు వైపు పెద్దమనిషి ఒకాయన, ఇది ఒకప్పుడు గేర్లు వాటంతటవే మారే బండి అని, తన తండ్రి స్వయంగా దానికి చేత్తో వేసే గేర్లు, క్లచ్ పెట్టించాడని, అదంతా ఆయన బుర్రేనని చుట్టూ చేరినవాళ్లకు చెబుతున్నాడు. నేను అన్నం తినకుండానే ఇంటికి వచ్చేశాను. ఆ బుర్ర మా మేనమామది.

మామకు కోదాడలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉండేది. అప్పటికి నాకు పెళ్లయి, ఆయన దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. అలాంటి బండికి ఒక్క సామాను కావాలంటే హైదరాబాదు తుక్కు బజార్లన్నీ తిరగాల్సిన రోజులవి, మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మిర్యాలగూడ రైసుమిల్లు యజమాని, పెళ్లిలో గొప్పలు చెప్పినాయన తండ్రే, తన కారు గేరుబాక్సు పాడైతే జీపు గేరుబాక్సు వేసిపెట్టమని తెచ్చాడు. బాక్సు కూర్చోబెట్టడం పెద్ద కష్టం కాలేదు, చిక్కంతా క్లచ్ దగ్గరే వచ్చింది. ఆ బండికి అసలు క్లచ్ పెడలే లేదాయె. కడ్డీలతో లాగుదామంటే స్టీరింగ్ అడ్డం, కేబుల్ వేద్దామంటే కాలే పొగగొట్టాన్ని ఆనుకుని పోవాలి. అందుకే పెడల్ దగ్గర ఒక సిలిండర్, కింద గేరుబాక్సు పక్కన మరొకటి పెట్టి, మధ్య సన్నటి గొట్టంలో ఆయిల్ ఒత్తిడితో క్లచ్ విడిపించాలని మామ నిర్ణయించాడు. పై సిలిండర్ లావైతే పెడల్ బరువవుతుంది, సన్నదైతే తేలిగ్గా దిగుతుంది గానీ క్లచ్ సగమే విడుతుంది. యజమానికి మోకాలి నొప్పి, పెడల్ తేలిగ్గా ఉండాలన్నాడు. మామ నాలుగు సిలిండర్లు తెచ్చి, ఒక్కొక్కటీ బిగించి, తొక్కినప్పుడల్లా కింద క్లచ్‌ను విడదీసే కడ్డీ ఎంత కదిలిందో సుద్దముక్కతో గీతలు గీసి, మూడు రోజులకు ఒకటి ఖాయం చేశాడు. బండి అప్పగించేటప్పుడు, పై సిలిండర్‌కు ఆయిల్ అందించే చిన్న డబ్బాలో బ్రేక్ ఆయిల్ తప్ప ఇంకేమీ పోయకూడదని, ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి క్లచ్ విడవదని రెండుసార్లు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

రెండు నెలలకు మిల్లు నుంచి కబురొచ్చింది. యజమాని గేరులో ఉన్న బండిని క్లచ్ తొక్కి స్టార్ట్ చేశాడట, క్లచ్ విడవక బండి ముందుకు దూకి, మిల్లు ముందు వడ్లు ఆరబోస్తున్న ఒకామెను గోడకు అదిమేసింది. పాలకీడు వైపు తండా నుంచి కూలికి వచ్చే మనిషి, తొడ ఎముక విరిగింది. మేము వెళ్లేసరికి యజమాని పదిమందిని పోగేసుకుని ఉన్నాడు.

"నీ అతుకుల పనికి మనిషి సచ్చేటిది. షెడ్డు మూసుకో ఇగ," అన్నాడు మామను.

మామ వంగి సిలిండర్ విప్పాడు. రబ్బరు ఉబ్బిపోయి ఉంది, చేతికి చిక్కటి ఇంజన్ ఆయిల్ అంటింది. నేను ఆ రబ్బరును యజమాని కళ్ల ముందు పెట్టాను.

"ఏ ఆయిలైతేంది, ఆయిలే గద," అన్నాడు. ఆ మాట నోట్లోంచి పడగానే తాను పోయలేదన్నాడు. అక్కడున్నవాళ్లు యజమాని మాటకే తలూపారు. నేను అతని చొక్కా పట్టుకోబోతే మామే నన్ను వెనక్కి లాగాడు.

సాయంత్రం దవాఖానకు వెళ్తే ఆమె నాతో మెల్లగా చెప్పింది. "నాలుగొద్దుల కింద సేటే పోసిండన్నా. నేను సూసిన. నన్నడిగితే చెప్తుంటి."

పదిమందిలో చెప్పిద్దామని నేనంటే, మామ ఒప్పుకోలేదు. "ఆమెకు కూలి ఇచ్చేది ఆ మిల్లేరా. కాలు ఎలాగూ విరిగింది, పని కూడా పోగొడదామా?" అన్నాడు. నాకు ఆయన మీదా కోపం వచ్చింది, కానీ ఊరుకున్నాను. ఆమె మంచం దిగకముందే యజమాని ఆమెను పనిలోంచి తీసేశాడు. మా షెడ్డుకు కార్లు రావడం మానేశాయి. మామ మునగాలలో పంక్చర్లు వేసుకుంటూ బతికాడు, మళ్లీ ఏ బండి క్లచ్ మీదా చెయ్యి పెట్టలేదు. మేము నోరు మూసుకున్నందుకు మేలు జరిగింది ఒక్క యజమానికే. ఈ వయసులోనూ అది తలచుకుంటే నా ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు సిలిండర్ల కొలతలన్నీ ఫోనులోనే దొరుకుతాయి, సుద్దగీతలతో పనిలేదు. మిల్లుల ముందు కెమెరాలున్నాయి, ఎవరు ఏ డబ్బా వంచారో దాగదు. మామ పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఉందో లేదో తెలియదు. ఆ తండా ఎంతో దూరం కాదు, ఒక్కసారైనా వెళ్లి కనుక్కోలేదు. నిన్న ఇదంతా రాద్దామని కూర్చుని, ఆమెను ఏమని రాయాలా అని కలం ఆపాను. ఆ రోజు దవాఖానలో నేను ఆమె పేరైనా అడగలేదు.