ఎలుగుబంటి ఖాళీ బుడగ

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా నాన్న టెక్కలిలో గుమాస్తా. కంటితో చూడనిదాని మీద సంతకం పెట్టకూడదనే మనిషి. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. చీకట్లో పెరట్లోకి వెళ్ళడానికి కూడా ఎప్పుడూ తోడు అడగలేదు.

నాకు ఆ రోజుల్లో ఉన్నదల్లా అసూయ. అది మాత్రం పీకల దాకా ఉండేది. ముందు దాని సంగతి చెప్పకపోతే తరవాత జరిగింది మీకు అర్థం కాదు.

మా పెళ్ళయిన కొత్తలో కాశీబుగ్గలో అద్దెకుండేవాళ్ళం. వెనక వీధిలో జీడిపప్పు బట్టీలు. ఆరేసిన బట్టలకి కూడా ఆ కమురు వాసన పట్టేది. మావారు టెక్కలి దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టారు. రోజూ బస్సులో మా పుట్టిల్లు దాటి వెళ్ళి, మళ్ళీ దాటి వచ్చేవారు. సెల్‌ఫోన్లు అప్పటికి ఊళ్ళో ఒకరిద్దరి చేతుల్లోనే ఉండేవి.

ఆయనకి సిగరెట్టు లేదు, పేక లేదు. ఒక్కటే పిచ్చి. ఒక వారపత్రిక చివరి పేజీల్లో 'చీకటి తోట' అని బొమ్మల సీరియల్ వచ్చేది. అందులో మనుషులుండరు, అన్నీ జంతువులే. అలాగని పిల్లల కథ కాదు. సముద్రం ఒడ్డున ఒక జీడితోట. అందులో ఉండే జంతువులు ఒక్కొక్కటే మాయమైపోతుంటాయి. ముందు ముంగిస పోయింది, తరవాత కుందేలు, ఆ తరవాత ముసలి కొంగ. ఎవరు ఎత్తుకుపోతున్నారో తెలియదు. మిగిలినవి ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ, చాడీలు చెప్పుకుంటూ బతుకుతుంటాయి.

అందరి అనుమానమూ గుడ్డేలుగు మీద. ఎందుకంటే అది మాట్లాడదు. మిగతా జంతువుల నోటి ముందు బుడగ గీసి అందులో మాటలు రాసేవారు కదా, ఎలుగుబంటికీ బుడగ గీసేవారు. కానీ అందులో అక్షరం ఉండేది కాదు. ప్రతివారమూ అంతే, ఖాళీ బుడగ.

ఆ ఖాళీ బుడగ మా ఊళ్ళో చాలామందికి నిద్ర లేకుండా చేసింది. బొమ్మలు గీసేదెవరో ఎవరికీ తెలియదు. పేరుండే చోట చిన్న జీడిగింజ బొమ్మ ఉండేది, అంతే. మన ఉద్దానం వైపు మనిషే అయ్యుంటాడని బస్టాండు దగ్గర పుస్తకాల బడ్డీవాడు అందరికీ చెప్పేవాడు. పత్రిక వచ్చే గురువారం ఆ బడ్డీ ముందు ఒక సభ జరిగేది. బట్టల కొట్టు గుమాస్తా, కరెంటాఫీసు లైన్‌మేను, మావారు. అచ్చులో అక్షరాలు ఎగిరిపోయాయని ఒకరు, ఎలుగే హంతకుడు గనక నోరు విప్పదని ఇంకొకరు. ఇంట్లో గ్యాసు అయిపోయిందని చెబుదామని ఓసారి నేను అక్కడికి వెళితే, మావారు నన్ను చూసి కూడా సీరియల్లో నక్క గురించే మాట్లాడుతున్నారు.

దాన్ని కూడా భరించేదాన్ని. భరించలేనిది నిర్మలని.

నిర్మల ఆయన మేనమామ కూతురు. అక్కుపల్లిలో కొబ్బరి, జీడి తోటలున్న ఇల్లు. ఆయనకి మరదలు. చిన్నప్పట్నుంచీ ఇద్దరికీ ముడిపెట్టాలని మా అత్తగారి కోరిక. దగ్గరి రక్తసంబంధం పిల్లలకి మంచిది కాదని సైన్సు చదివిన మావారే వద్దన్నారు. ఈ సంగతి నాకు పెళ్ళిచూపుల్లో గొప్పగా చెప్పారు. అప్పుడు నాకూ గొప్పగానే అనిపించింది. కాపురానికొచ్చాక తెలిసింది, ఆయన వద్దన్నది పెళ్ళిని మాత్రమే.

ఆమె వాళ్ళ ఊరికి పత్రిక రాదని ప్రతి గురువారం మా ఇంటికి వచ్చేది. వీధి చివరనుంచే "బావా, సదివీసినావా?" అని కేకేసేది. ఇద్దరూ చాప మీద పత్రిక పరుచుకుని తలలు వంచి కూర్చునేవారు. నేనిచ్చిన కాఫీలు మీగడ కట్టేవి. నిర్మల ఏదైనా ఊహ చెబితే ఆయన "శభాష్" అనేవారు. నా వంటకి ఆ మాట ఎప్పుడూ పడలేదు.

పైగా వరస ప్రకారం ఆమె నాకు చెల్లెలు. నన్ను "అప్పా, అప్పా" అని నోరారా పిలిచేది. మంచిపిల్ల. అదే నా బాధ. చెడ్డదైతే పోట్లాడేదాన్ని.

నేనూ చదివేదాన్ని ఆ సీరియల్. వాళ్ళు లేచాక, కుక్కరు కూత వేసేలోపు. నాకూ ఒక ఊహ ఉండేది. అందులోని సన్నటి నడుము జింకే అందర్నీ ఎత్తుకుపోతోందని నా నమ్మకం. ఎందుకు నమ్మానో వేరే చెప్పక్కర్లేదు. కానీ నువ్వేమనుకుంటున్నావని నన్నెవరూ అడగలేదు. మావారైతే నేను ఆ పేజీలు తిప్పుతానని కూడా ఎరగరు.

మూడేళ్ళు అలా నడిచింది. ఆ చలికాలం నిర్మల కాళ్ళు వాచాయి. తరవాత ముఖం వాచింది. మా ఉద్దానంలో అది ఏ జబ్బో పరీక్షలు చెయ్యకముందే ఇంట్లోవాళ్ళకి తెలిసిపోతుంది. కిడ్నీలు. విశాఖపట్నం తీసుకెళ్ళి ఆసుపత్రిలో పెట్టారు. ప్రతి ఆదివారం మావారు పత్రిక పట్టుకుని రైలెక్కేవారు. మంచం పక్కన కూర్చుని బొమ్మ బొమ్మకీ చదివి వినిపించేవారట. జబ్బుమనిషి మీద అసూయేమిటని మీరనుకోవచ్చు. పడ్డాను. నాకు జ్వరమొస్తే మాత్రలిచ్చి బడికి వెళ్ళిపోయే మనిషి ఆయన.

ఇక ఆ రోజు సంగతి.

వేసవి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ సోమవారం పొద్దున్నే నేను మా అమ్మతో కలిసి రావివలస ఎండల మల్లన్న దర్శనానికి వెళ్ళాను. అమ్మని టెక్కలిలో దింపి, మధ్యాహ్నం కాశీబుగ్గ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు. ఎండకి రెగ్జిన్ కాలిపోతోంది. నేను నిద్రపోలేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే విన్నవాళ్ళు ముందు అదే అంటారు.

నందిగాంలో కొందరు దిగారు, కొందరు ఎక్కారు. నేను బయట మామిడికాయల గంప వైపు చూసి ఇటు తిరిగేసరికి పక్కన నిర్మల కూర్చుని ఉంది.

వాపు లేదు. మా ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఎలా ఉండేదో అలా ఉంది. ఆకుపచ్చ వాయిలు చీర. చేతుల్లోంచి జీడిమామిడి పండు వాసన వస్తోంది, తోటలో పండు ఏరినవాళ్ళ దగ్గర వస్తుందే, అది. చేతిలో సంచి లేదు.

నాకు భయం వెయ్యలేదు. కోపమొచ్చింది. ఆసుపత్రినుంచి పంపించేశారన్నమాట, ఆ సంగతి ఆయనకి తెలిసి కూడా నాకు చెప్పలేదన్నమాట అనుకున్నాను. తిన్నగా మా ఇంటికే పోతోందనీ, ఆయన ఈపాటికి బడినుంచి వచ్చి ఉంటారనీ లెక్కలు కట్టుకుంటున్నాను.

కండక్టరు వచ్చాడు. "ఈవిడకి కాశీబుగ్గ" అని నేనే డబ్బులిచ్చాను. అతను టికెట్టు చింపి నా చేతిలో పెట్టి ముందుకి వెళ్ళిపోయాడు. అతనికి నిర్మల కనబడిందో, నా మాట మీద ఇచ్చాడో నేను చెప్పలేను. ఆ రెండో టికెట్టు అక్షరాలు వెలిసిపోయేదాకా నా పర్సులోనే ఉంది.

ఒంట్లో ఎలా ఉందని నేను అడగబోయాను. అంతలో నిర్మలే మొదలుపెట్టింది.

"అప్పా, ఆ గుడ్డేలుగు మూగోడు కాడు. అందరూ ఆడి గురించి మాటాడినోళ్ళేగానీ ఆడిని పిలిసినోళ్ళు నేరు. పిలిత్తే పలుకుతాడు. ఆకర్న ఉడతపిల్ల పిలుత్తాది, నల్లమావా అని."

"పిలిస్తే ఏమంటాడు?" అన్నాను. ఆ సీరియల్ గురించి ఎవరితోనైనా నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"ఓయ్ అంతాడు. అంతే."

మళ్ళీ తనే అంది. "బావకి నువ్వుగా సెప్పీకు. ముందే సెప్పీస్తే సదివిన సుకం పోతాది. నువ్వయితే సెప్పవని నాకు తెలుసు. తనకి తానుగా నిన్నడిగితే మాత్రం సెప్పు."

'నువ్వయితే చెప్పవు' అనడంలో నా ముఖం చూసి నవ్వింది. ఇన్నాళ్ళూ నా మనసులో ఏముందో ఆమెకి తెలుసునని అప్పుడు అర్థమైంది. నాకు ఒళ్ళు మండింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కాశీబుగ్గలో నేనే ముందు దిగాను. వెనక్కి చూస్తే నిర్మల లేదు. రెండో వైపు దిగి బడ్డీ దగ్గరికి పోయి ఉంటుందనుకున్నాను. తనకన్నా ముందు ఇల్లు చేరాలని రిక్షా ఎక్కాను. ఆ తొందర ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి మావగారు అరుగు మీదనుంచి లేచి వచ్చారు. మాకు ఫోను వాళ్ళింటికే వచ్చేది.

"పొద్దున్న విశాఖపట్నంనుంచి ఫోనొచ్చిందమ్మాయ్. అక్కుపల్లి పిల్ల తెల్లారగట్ట పోయిందట. మాస్టారికి బడికి కబురెట్టినాం. ఆయన అట్నుంచటే ఎల్లిపోనారు."

నేను మెట్టు మీద కూర్చున్నాను. పర్సు తీసి చూసుకున్నాను. రెండు టికెట్లున్నాయి. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. ఆయన దగ్గరికి వెళ్ళలేదు, నా దగ్గరికి వచ్చింది అనుకున్నాను. తరవాతే ఏడుపొచ్చింది.

ఈ సంగతి మా అమ్మకి కూడా చెప్పలేదు. ఎండదెబ్బ అంటుందని.

దినకార్యానికి అక్కుపల్లి వెళ్ళాం. నిర్మల నాయనమ్మ, అంటే మావారి అమ్మమ్మ, పెరట్లో ఒక్కతే కూర్చుని ఉంది. 'నల్లమావ' అన్న మాట బస్సులో వినడానికి ముందు నేనెప్పుడూ వినలేదు. ఆమె పక్కన చేరి, ఏదో మాటల్లో పడి అడిగినట్టు, తోటల్లోకి ఎలుగులు వస్తాయా అమ్మమ్మా అన్నాను. ఆమె నా నోరు మూసింది.

"తోట దగ్గర ఆ పేరు ఎత్తకూడదమ్మా. ఎత్తితే వత్తాది. నల్లమావ అనాల. మాయింట్లో అందరం అలాగే అంతాం."

ఆ ఊళ్ళో మిగతావాళ్ళని వాకబు చేశాను. అది ఆ ఒక్క ఇంటి మాటే. మొత్తం సంగతిలో నేను భయపడింది అది తెలిసిన ఆ ఒక్క నిమిషమే.

ఆ తరవాత కూడా సీరియల్ కొన్ని వారాలు నడిచింది. మావారు గురువారం గురువారం పత్రిక తెచ్చి చాప పరుచుకుని ఒక్కరే కూర్చునేవారు. ఒక మనిషి పట్టే చోటు పక్కన వదిలేసేవారు. నేను ఆ చోట్లో కూర్చోవచ్చు. కూర్చోమని ఆయన అనలేదు, నేను కూర్చోలేదు.

చివరి భాగం వచ్చిన రోజు బడ్డీ దగ్గర సభ కూడా పెట్టకుండా ఇంటికి తెచ్చేసుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆయన పేజీ తిప్పారు.

ఆ బొమ్మ ఇప్పటికీ నా కళ్ళముందుంది. తోటలో ఎవరూ మిగల్లేదు. ఒక్క ఉడతపిల్ల, రాతిగుహ ముందు నిలబడి, "నల్లమావా" అంది. పక్క బొమ్మలో ఎలుగుబంటి తల తిప్పింది. నోటి ముందు బుడగ. ఇన్నేళ్ళ ఖాళీ బుడగలో రెండే అక్షరాలు. "ఓయ్." దాని వెనక గుహ చీకట్లో బోలెడు కళ్ళు మెరుస్తున్నాయి. అక్కడితో సమాప్తం.

ఆ కళ్ళు అది కాపాడి దాచిన జంతువులవా, లేక తినేసినవాటివా అని బడ్డీ దగ్గరవాళ్ళు ఆ తరవాత ఏళ్ళతరబడి కొట్టుకున్నారు. మావారు ఆ గొడవలోకి పోలేదు. "ఇది మా అమ్మమ్మ మాటే" అంటూ పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. చచ్చిపోయిన మనిషి కోసం ఏడుస్తున్నారని తెలిసి కూడా నాకు కుళ్ళుగానే ఉంది.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. బొమ్మలు గీసినాయన వాళ్ళకి తెలిసినవాడేమో, ముందే చెప్పాడేమో అనుకుంటే, అంత తెలిసిన పిల్ల మూడేళ్ళు మా చాప మీద కూర్చుని బుర్ర బద్దలుకొట్టుకోదు. తనే గీసేదేమో అంటారా, నిర్మలకి వాకిట్లో నాలుగు చుక్కల ముగ్గు తిన్నగా వచ్చేది కాదు. ఆ ఒక్క పనిలో నేనే మెరుగు. పోనీ కథ సంగతి ఎలాగో తెలిసిందనుకుందాం. తెల్లారగట్ట విశాఖపట్నంలో పోయిన మనిషి మధ్యాహ్నం నా పక్కన ఎలా కూర్చుందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమనడానికి నా నోరు రాదు. ఇంకేమనాలో కూడా తెలియదు.

ఆ వారపత్రిక ఆగిపోయింది. బడ్డీ పోయి సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. మావారు మాత్రం ఏడాదికోసారి అటకమీంచి ఆ పాత సంచికల కట్ట దింపి దుమ్ము దులుపుతారు. చివరి పేజీ దగ్గర ఆగి, "ఇది చూస్తే నిర్మల ఏమనేదో" అంటారు. కిటికీతో అంటారు, గోడతో అంటారు. నేను ఎదురుగానే బియ్యం ఏరుతుంటాను.

ఆమె ఏమందో నాకు తెలుసు. కానీ అడిగితేనే చెప్పమంది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా, ఆ ఎలుగు గురించి గానీ మరి దేని గురించి గానీ, "నువ్వేమంటావ్" అని నన్నడగలేదు.

మీరిప్పుడు చదువుతున్న ఈ పత్రిక మా ఇంటికి వస్తుంది. ఆయన అట్టనుంచి అట్టదాకా చదువుతారు. ఈ పేజీ దగ్గరికి వచ్చి, కళ్ళజోడు తీసి, నన్ను పిలుస్తారేమో చూడాలి. ఓయ్ అనడానికి నేను వంటింట్లోనే ఉంటాను.