సూర్యుడు లైన్ తెంపిన రోజు

లడఖ్‌లోని ఒక ఆర్మీ పోస్టుకు మధ్యాహ్నం చేరాను. పదిహేడు వేల అడుగుల ఎత్తు. గాలికి కొదవ లేదు, ఊపిరికి పనికొచ్చేదే తక్కువ. ఒక బంకరు, కిరోసిన్ పొయ్యి, రేడియో సెట్లు, ఇంటికి మాట్లాడుకోవడానికి ఒక శాటిలైట్ ఫోన్. నేను సిగ్నల్ ఆపరేటర్‌ను. సిరిసిల్లలో, సాంచెలని పిలిచే మరమగ్గాల చప్పుడు మధ్య ఫిజిక్స్ డిగ్రీ చదివినవాణ్ణి. పోస్టులోని నిశ్శబ్దానికి చాలా రోజులు నిద్ర పట్టలేదు.

తెలుగు వచ్చిన మరో మనిషి మెషిన్‌గన్నర్. కోరుట్ల పక్క రైతు కుటుంబం. అన్నలిద్దరూ దుబాయి ఎండకు మాడుతుంటే, ఇతను గడ్డకట్టే ఉద్యోగం ఎంచుకున్నాడు.

ఫిబ్రవరిలో అతని భార్యను కాన్పుకు జగిత్యాల ఆస్పత్రిలో చేర్చారు. బీపీ బాగా ఎక్కువ, మరునాడే ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్ రోజు సాయంత్రమే ఫోన్ అతని వంతు. ఆ పొద్దున్నే కింది బేస్ నుంచి రేడియోలో సందేశం వచ్చింది: సూర్యుడి మీద భారీ విస్ఫోటం, ఉపగ్రహాల లింకు పోవచ్చు. కాసేపట్లో పోయింది. ఎండ మాత్రం ఏమీ ఎరగనట్టు కాస్తోంది.

"సూర్యుడు గంత దూరం ఉన్నడు. మన ఫోన్‌తోటి ఆయనకేం పని అన్నా?" అని అడిగాడు గన్నర్.

సూర్యుడి నుంచి ఉడుకు మేఘం విసురుగా బయల్దేరుతుందని, దాని ముందు ఒక అల పుడుతుందని, అందులో కణాలు చిక్కుకుంటాయని చెప్పాను. మొహం చూస్తే ఎక్కినట్టు లేదు.

"మా సాంచెల నాడె జూసినవా, అడ్డపోగు తీస్కపోయేది? గా కొసకు కొడితే గీ కొసకు, మల్ల గటు. గీ కణం గూడ గట్లనే. అల దాటినప్పుడల్లా ఒక దెబ్బ, దెబ్బకింత జోరు. జోరు చాలినంక సూర్యుని అయస్కాంత రేఖల ఎంబడి మన దిక్కు ఉరికి, శాటిలైట్ల దూరుతది."

"ఎన్ని దెబ్బలు తింటదో."

"లెక్కలేదు."

"పాపం" అన్నాడు. మా కాలేజీలో ఎవరూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

సాయంత్రమైంది. లింకు లేదని చెప్పాను. అయినా ఫోన్ ఇమ్మన్నాడు. ఇచ్చాను. బంకరు బయట నిలబడి, దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇగో, భయపడకు. ఏం గాదు. నేనీడనే ఉన్న."

నేను యాంటెన్నా సర్దుతూ కూర్చున్నాను. దానికి ఏ లోపమూ లేదు. మా పోస్టు పెద్ద సుబేదార్ సాబ్ పార తీసుకుని, పొద్దున తోడిన చోటే మళ్లీ మంచు తోడారు.

మర్నాడు లింకు వచ్చింది. గన్నర్ అత్తగారి గొంతు బంకరంతా వినిపించింది: బిడ్డ పుట్టిందట, తల్లికి నయమేనట. గన్నర్ డబ్బా మీద కూర్చుని చాలాసేపు బూటు లేసులు కట్టుకున్నాడు.

సర్వీసు ముగించి ఇప్పుడు సిరిసిల్లలోనే ఉంటున్నాను. మొన్న కోరుట్ల వెళ్తే, అతని భార్య చాయ్ ఇస్తూ నిలదీసింది.

"ఆపరేషన్ దినం ఫోన్ చేసిన అంటడు. నాకైతే రాలే. నువ్వు చెప్పు అన్నా, చేసిండా?"

"చేసిండు చెల్లె."

ఆ సాయంత్రం అతను ఫోన్‌లో అన్న మాటలు ఎక్కడికీ చేరలేదు. ఫోన్ నేను తిరిగి తీసుకునేసరికి, అతని ఊపిరి దాని మీద తెల్లటి మంచుపొరై అంటుకుని ఉంది. పరికరాలు తుడిచి పెట్టడం నా డ్యూటీ. ఆ రోజు తుడవలేదు.