ఉడుకునీళ్ళ పాచి

"ఉడుకునీళ్ళు ఒద్దే. కిందనే శానా తాగినా. చన్నీళ్ళియ్యి."

"జరం ఒంటితో చన్నీళ్ళేంది? గమ్మున తాగయ్యా."

మా ఆలుమగల చివరి మాటలు ఇవే. రెండు గుక్కలు తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు.

కింద అంటే గని. నా మొగుడు కేజీఎఫ్ బంగారు గనుల్లో బాగా లోతుకు పోయే షాఫ్టులో పనిచేశాడు. అక్కడ బండ కాలుతుందని, సందుల్లోంచి కారే నీళ్ళు తగిలితే ఒళ్ళు చురుక్కుమంటుందని చెప్పేవాడు. చలికాలం మేమంతా ముసుగు తన్ని ఉంటే, డ్యూటీ దిగొచ్చిన మనిషి నేరుగా చన్నీళ్ళ తొట్టి దగ్గరికి పోయేవాడు. గనోళ్ళకు కంపెనీ వరసగా కట్టిచ్చిన మా లైనిళ్ళలో మొగుళ్ళకు నీళ్ళు కాచే పని ఎవరికీ ఉండేది కాదు.

ఒకనాడు చొక్కా భుజం మీద బూడిదరంగు మరకతో వచ్చాడు. ముట్టుకుంటే జిగటగా ఉంది.

"ఇదేందయ్యా, గ్రీజా?"

"గ్రీజు కాదే, పాచి. ఉడుకునీళ్ళు కారే కాడ బండకు పట్టుండాది. గీకేస్తే మళ్ళా వస్తాది. దానికి పానముండాది."

ఆయనతోనే కిందికి దిగే పక్కింటాయన పకపకా నవ్వాడు. "అంత ఉడుకులో బతికేది నువ్వూ నేనే అప్పా! ఇంగ పాచి యాడ బతుకుతాది?"

ఆ రోజు నుంచి లైనంతా ఆయన్ను పాచాయన అనే పిలిచారు. వాళ్ళతో తానూ నవ్వేవాడు. నా దగ్గరికి వచ్చి మాత్రం, "కండ్లారా చూసినానే" అనేవాడు. గని మూసిన నాడు వేసుకున్న చొక్కాకూ అదే మరక. దాన్ని ఉతకొద్దన్నాడు. ట్రంకుపెట్టెలో దాచాను.

మొన్న కోలారు కాలేజీలో చదివే మా మనవరాలు వచ్చింది. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ అదే. మనిషి చెయ్యి పెట్టలేని వేడినీటి ఊటల్లో కంటికి కనబడని జీవులు ఉంటాయట. వాటి ఒంట్లోని ఎంజైములు వేడికి చెడవట. అందుకే వాటిని రోగాల పరీక్షలకు వాడతారట, అట్లాంటివే బట్టల పొడిలోనూ కలుపుతారట.

"అట్లయితే మీ తాత చెప్పింది నిజమేనా పాపా?"

"అయ్యుండొచ్చవ్వా. గని నీళ్ళలో మునిగిపోయింది, దిగి చూసేదానికి లేదు. తాత చొక్కా ఉండాది కదా, దాన్ని ఇయ్యి. ఎండినా కొన్ని నిద్రపోయినట్టు ఉంటాయంట. మా మేడంకు చూపిస్తా."

ట్రంకుపెట్టె తెరిచి చొక్కా బయటికి తీశాను. అందరూ నవ్విన మాటకు ఇన్నేళ్ళకు సాక్ష్యం దొరకబోతున్నది.

పోయినవాళ్ళ బట్ట గడప దాటాలంటే ఉతికి, అంచుకు పసుపు రాసి ఇవ్వాలి. మా అత్త నేర్పిన పద్ధతి. పైగా కాలేజీలో పెద్దవాళ్ళు చూసే బట్ట, మురికిగా పంపితే ఆయన పరువేం కావాలి? పాప పక్కనున్న బేతమంగళకు పోయి వచ్చేలోపల మంచి పొడి వేసి, ఉడుకునీళ్ళలో నానబెట్టి, రుద్ది ఆరేశాను. మరక ఆనవాలు కూడా లేదు.

వచ్చి దండెం చూసి పాప చతికిలబడింది.

"అవ్వా, ఎంత పని చేసినావే! ఏం పొడి వేసినావు?"

ప్యాకెట్టు తెచ్చిచ్చాను. వెనక చదివింది. నవ్వు మొదలుపెట్టింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"దీంట్లో ఎంజైములుండాయవ్వా. తాత పాచిని దాని చుట్టాలే తినేసినాయి."

నాకూ నవ్వొచ్చింది. ఆయన ఉంటే అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. వద్దు వద్దంటే ఆయనకూ ఉడుకునీళ్ళే తాగించాను, ఆయన చొక్కాకూ అవే పోశాను.

ఇంక ఆ చొక్కా ఏమీ చెప్పదు. మిగిలింది నా నోరు. అందుకే రాయమన్నాను. బండ మీద పాచి ఉండింది. గీకేస్తే మళ్ళీ వచ్చేది. ఆ జిగట నా వేళ్ళకు అంటింది.

రాసినావా పాపా? పానముండాది అని మీ తాత అన్నాడే, ఆడి నుంచి ఒకతూరి చదువు, వింటాను.